క్లిక్ చేయకముందే తెలియాలి: వెబ్‌సైట్ నావిగేషన్ ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

వెబ్‌సైట్ కట్టేటప్పుడు మెనూ గురించి జరిగే చర్చ ఎక్కువగా అంకెల చుట్టూ తిరుగుతుంది. పై వరుసలో ఎన్ని ఉండాలి, ఏ పేజీకైనా ఎన్ని క్లిక్‌లలో చేరాలి, కిందికి తెరుచుకునే ఉపజాబితాలో, అంటే డ్రాప్‌డౌన్‌లో, ఎన్ని పడతాయి అని. ఈ లెక్కలన్నీ కుదిరాక కూడా జనం దారి తప్పుతూనే ఉంటారు. ఎందుకంటే సైటుకు వచ్చినవాళ్లు దేన్నీ లెక్కపెట్టరు. కళ్లముందున్న లింకుల్లో తమకు కావలసింది దేని వెనక ఉందో అంచనా వేస్తారు. అంచనా నిజమైతే ముందుకు సాగిపోతారు. తప్పితే వెనక్కి రావాలి. రెండు మూడుసార్లు తప్పితే చాలామంది సైటు మూసేస్తారు. ఆ అంచనా నిజమయ్యేలా చూడటమే నావిగేషన్ డిజైన్. పేర్లు పెట్టడం, పేజీలను విభాగాల్లో సర్దడం, మెనూ ఎలా తెరుచుకోవాలో నిర్ణయించడం అన్నీ దాని కోసమే.

మొదట్లోనే ఒక అపోహ తీసేయాలి. జనం హోమ్ పేజీలో అడుగుపెట్టి, అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా లోపలికి వెళ్తారని చాలా డిజైన్లు అనుకుంటాయి. సెర్చ్ ఫలితాల నుంచో, ఎవరో పంపిన లింకు నుంచో నేరుగా లోపలి పేజీలో దిగేవాళ్లు బోలెడుమంది. వాళ్లలో చాలామంది హోమ్ పేజీని చూడనే చూడరు. కాబట్టి ఏ లోపలి పేజీ అయినా తెరిచిన వెంటనే మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఇది ఎవరి సైటు, ఇందులో నేనెక్కడున్నాను, ఇక్కణ్నుంచి ఎటు వెళ్లొచ్చు. డిజైన్ సరిచూసేటప్పుడు హోమ్ పేజీతో మొదలుపెట్టకుండా అన్నిటికన్నా లోతున ఉన్న పేజీని తెరిచి చూడండి. లోపాలు అక్కడే బయటపడతాయి.

ఏడు, మూడు అనే రెండు అంకెలు

మెనూలో ఏడుకు మించి ఉండకూడదన్న నియమం మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం పేరు మీద చలామణీ అవుతోంది. ఆయన మాట్లాడింది తక్షణ జ్ఞాపకశక్తి గురించి. వరసగా వినిపించిన అంకెల్నో పదాల్నో వెంటనే అప్పజెప్పమంటే మనిషి దాదాపు ఏడు దగ్గర, ఒకటో రెండో అటూ ఇటూగా, ఆగిపోతాడు. మెనూలో అప్పజెప్పాల్సిన పనే లేదు, జాబితా కళ్లెదుటే ఉంటుంది. అడ్డ వరుస మెనూ ఐదో ఎనిమిదో అంశాల దగ్గర ఆగడానికి అసలు కారణం తెర వెడల్పు. లోగో, సెర్చ్ పెట్టె, లాగిన్ పోను మిగిలిన జాగాలో అంతకన్నా ఎక్కువ పేర్లు ఇమడవు. నిలువు జాబితాకు ఆ ఇబ్బంది లేదు. చక్కగా గుంపులు కట్టి, ప్రతి గుంపుకూ శీర్షిక పెడితే అందులో ఇరవై ముప్పై లింకులున్నా చూపు తడబడదు.

ఏ పేజీకైనా మూడు క్లిక్‌లలో చేరాలన్న నియమానికి ఆ మాత్రం ఆధారం కూడా లేదు. 2003లో జాషువా పోర్టర్ ప్రచురించిన పరిశీలనలో క్లిక్‌ల సంఖ్య పెరిగినంత మాత్రాన జనం పని మధ్యలో వదిలేయడం గానీ, వాళ్ల అసంతృప్తి గానీ పెరగలేదు. ప్రతి క్లిక్ తర్వాతా దగ్గరపడుతున్నామని తెలుస్తుంటే నాలుగోదీ ఐదోదీ భారంగా తోచవు. తెలియనప్పుడు రెండోదే భారం.

లోతు గురించి పట్టించుకోనక్కర్లేదని కాదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కెవిన్ లార్సన్, మేరీ చెర్వింస్కీ 1998లో ఈ విషయాన్ని కొలిచి చూశారు. 512 పేజీలనే మూడు రకాలుగా అమర్చారు. ఒకదానిలో మూడు అంచెలు, ప్రతి అంచెలో 8 లింకులు. రెండోదానిలో ముందు 16, ఒక్కొక్కదాని కింద 32. మూడోదానిలో ముందు 32, ఒక్కొక్కదాని కింద 16. ఏడు నియమానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న మొదటి అమరికలోనే జనం ఎక్కువ ఆలస్యమయ్యారు. వెడల్పు పెరిగితే చదవాల్సిన జాబితా మాత్రమే పొడుగవుతుంది. లోతు పెరిగితే ఊహించాల్సిన మలుపులు పెరుగుతాయి.

చిన్న లెక్క వేస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఒక అంచెలో సరైన లింకు ఎంచుకునే అవకాశం నూటికి 90 అనుకుందాం. రెండు అంచెలు తప్పు లేకుండా దాటేవాళ్లు 81 మంది, మూడు దాటేవాళ్లు 73 మంది, నాలుగు దాటేవాళ్లు 66 మంది. ఇప్పుడు పేర్లు బాగుచేసి ఆ 90ని 98 చేశామనుకోండి. మూడు అంచెలు దాటేవాళ్లు 94 మంది అవుతారు. అంటే స్పష్టమైన పేర్లున్న మూడు అంచెల సైటు, మసక పేర్లున్న రెండంచెల సైటు కన్నా మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే అంచెలు తగ్గించడానికి పడే తంటాలకన్నా ముందు పేర్ల మీద శ్రమ పెట్టాలి.

పేరే దారి చూపాలి

జంతువు వాసన పట్టి ఆహారం వెతికినట్టు మనిషి సూచనలు పట్టి సమాచారం వెతుకుతాడని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పీటర్ పిరోల్లీ, స్టువర్ట్ కార్డ్ 1990లలో సిద్ధాంతీకరించారు. వాసన బలంగా వచ్చే వైపు కదులుతాడు, తగ్గితే వెనుదిరుగుతాడు. లింకు మీద రాసిన మాట, దాని పక్కనున్న మాటలు, బొమ్మ ఉంటే ఆ బొమ్మ, ఇవన్నీ కలిసి ఆ వాసనను ఇస్తాయి.

వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు తయారుచేసే ఒక సంస్థ సైటు ఊహించుకుందాం. డ్రమ్ము తిరగడం ఆగిపోయిన మెషిన్ ఇంట్లో పెట్టుకుని ఒకరు సైటు తెరిచారు. వారంటీ ఇంకా ఉందో లేదో వాళ్లకు తెలియాలి. మెనూలో ఐదు మాటలున్నాయి: ఉత్పత్తులు, సొల్యూషన్స్, సర్వీసెస్, రిసోర్సెస్, మా ప్రయాణం. వారంటీ వివరం ఆయా మోడల్ పేజీలో ఉండొచ్చు, అంటే ఉత్పత్తుల కింద. రిపేరుతో ముడిపడింది గనక సర్వీసెస్ కింద ఉండొచ్చు. దాన్నొక పత్రంగా పెట్టి ఉంటే రిసోర్సెస్ కింద ఉండొచ్చు. సొల్యూషన్స్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు గనక అక్కడా ఉండొచ్చు. ఐదులో నాలుగు తలుపులు తట్టాల్సినవే. అదే మెనూను ఇలా మార్చి చూడండి: వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, విడిభాగాలు, రిపేరు–వారంటీ, సంస్థ గురించి. ఇవీ ఐదే. కాని తట్టాల్సింది ఒకే తలుపు.

మొదటి మెనూలో ఏం తప్పు జరిగిందో గమనిస్తే కొన్ని సూత్రాలు దొరుకుతాయి. సైటులో ఉన్న వస్తువుల పేరే మెనూకెక్కాలి. 'ఉత్పత్తులు' అనే మాట ప్రపంచంలో ఏ కంపెనీకైనా సరిపోతుంది గనక ఈ కంపెనీ గురించి ఏమీ చెప్పదు. రెండు పేర్ల అర్థాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. 'సర్వీసెస్', 'సపోర్ట్', 'హెల్ప్' మూడూ ఒకే వరుసలో ఉంటే వాటి మధ్య గీత ఎక్కడుందో కట్టినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. విడదీసి చూపే మాట ముందు రావాలి. జాబితాను కిందికి చూసుకుంటూ పోయేవాళ్లు ఒక్కో వరుసలో మొదటి మాటో రెండో మాటో మాత్రమే చదువుతారు. పది లింకులూ సంస్థ పేరుతోనే మొదలైతే ఆ పదీ ఒకేలా కనబడతాయి.

'మరిన్ని', 'ఇతరాలు', 'క్విక్ లింక్స్' అనే పేర్లు అమరిక కుదరలేదని ఒప్పుకుంటున్న పేర్లు. మొదట రెండు లింకులతో మొదలై, ఎక్కడా పెట్టలేని ప్రతిదీ అందులో చేరి, చివరికి మెనూలో అన్నిటికన్నా పెద్ద గంప అదే అవుతుంది. ఏదైనా పేజీ అక్కడికి చేరిందంటే, దానికి తగిన విభాగం లేదని గానీ, ఆ పేజీయే అవసరం లేదని గానీ అర్థం.

'వ్యక్తులకు', 'సంస్థలకు', 'నిపుణులకు' అంటూ వచ్చేవాళ్లను బట్టి మెనూ విడగొట్టే పద్ధతి చూడ్డానికి ఆదరంగా ఉంటుంది. వాడేవాళ్లకు అది అదనపు చిక్కు. కావలసింది వెతికే ముందు తామెవరో తేల్చుకోవాలి. ఒంటరిగా వ్యాపారం చేసుకునే మనిషి వ్యక్తా, సంస్థా? పైగా పక్క విభాగంలో తమకు దక్కనిదేదో ఉందేమోనన్న అనుమానం పీకుతూ ఉంటుంది. రెండు వర్గాల అవసరాలు పూర్తిగా వేరైనప్పుడు, తామే వర్గమో వాళ్లకు కచ్చితంగా తెలిసినప్పుడు మాత్రమే ఈ విభజన పనికొస్తుంది.

ఇంకొకటి తరచూ మరుగున పడుతుంది. లింకు మీద ఉన్న మాటే చేరిన పేజీ శీర్షికలోనూ కనబడాలి. 'రిపేరు–వారంటీ' నొక్కితే 'కస్టమర్ కేర్ కేంద్రానికి స్వాగతం' అనే పేజీ తెరుచుకుంటే, సరైన చోటికే వచ్చినా తప్పు నొక్కామనుకుని చాలామంది వెనక్కి పోతారు.

అమరిక ఎవరి బుర్రలోంచి రావాలి

సంస్థలో ఎన్ని శాఖలుంటే మెనూలో అన్ని విభాగాలు పెట్టడం అన్నిటికన్నా తేలికైన దారి. ఏ పేజీ ఏ శాఖ రాస్తుందో బయటివాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అమరిక వాళ్ల బుర్రలోంచి రావాలంటే మూడు పనులు వరసగా చేయాలి.

మొదటిది జాబితా. సైటులో ఉన్న ప్రతి పేజీనీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాలి: చిరునామా, శీర్షిక, ఎందుకుంది, ఎవరు చూసుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు మార్చారు, నెలకు ఎంతమంది చూస్తున్నారు. విసుగు పుట్టించే పనే గాని, తప్పించుకోలేం. ఎవరూ చూడని, ఎవరి బాధ్యతా కాని పేజీలు ఇక్కడ బయటపడతాయి. వాటిని తీసేస్తే సగం చిక్కు మెనూ దాకా రాకుండానే తీరుతుంది.

రెండోది కార్డ్ సార్టింగ్. 30 నుంచి 60 పేజీల పేర్లు ఒక్కో కార్డు మీద రాసి, సైటు వాడే అవకాశమున్నవాళ్ల చేతికిచ్చి, కలిసి ఉండాల్సినవి గుంపులు కట్టమని, గుంపులకు పేర్లు పెట్టమని అడుగుతారు. పదిహేను మందితో చేస్తే నమూనా బయటపడుతుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు కార్డుల మీది మాటల్లో ఉంటుంది. 'ఫ్రిజ్ వారంటీ', 'ఫ్రిజ్ విడిభాగాలు', 'ఫ్రిజ్ మోడళ్లు' అని రాసిస్తే జనం ఆలోచించకుండా 'ఫ్రిజ్' అనే మాట చూసి కుప్ప పోస్తారు. అప్పుడు వచ్చే ఫలితం మీ మాటల ప్రతిబింబం తప్ప వాళ్ల ఆలోచన కాదు. ఒకే మాట నాలుగైదు కార్డుల్లో తిరగకుండా చూసుకోవాలి. ఒకే కార్డును ఒక్కొక్కరు ఒక్కో చోట పెడుతున్నారంటే, ఆ పేజీకి రెండు విభాగాల నుంచీ లింకు ఇవ్వాల్సి ఉంటుందని గుర్తు. లింకులు రెండున్నా పేజీ చిరునామా ఒకటే ఉండాలి.

మూడోది ట్రీ టెస్టింగ్. నా అభిప్రాయంలో మూడింట్లోకీ ఎక్కువ ఫలితమిచ్చేదీ, తక్కువమంది చేసేదీ ఇదే. రంగులు, బొమ్మలు, సెర్చ్ ఏమీ లేకుండా విభాగాల పేర్లు మాత్రమే ఉన్న చెట్టును చూపించి, ఎనిమిదో పదో పనులిచ్చి, 'ఇది ఎక్కడ దొరుకుతుందనుకుంటున్నారు' అని అడుగుతారు. డిజైన్ మొదలవకముందే చేయొచ్చు. చెట్టులో ఉన్న మాట ప్రశ్నలో రాకూడదు. 'వారంటీ వివరాలు ఎక్కడ?' అని అడిగితే అది చదవడం వచ్చా లేదా అన్న పరీక్ష అవుతుంది. 'ఏడాదిన్నర కింద కొన్న మెషిన్ పాడైంది, బాగుచేయడానికి డబ్బు కట్టాలో లేదో తెలుసుకోండి' అని అడగాలి.

ఫలితాల్లో ఎంతమంది సరైన చోటికి చేరారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. వెనక్కి రాకుండా నేరుగా ఎంతమంది చేరారు, మొదటి క్లిక్ ఎక్కడ పడింది అన్నవి చూడాలి. మొదటి క్లిక్‌లు రెండు విభాగాల మధ్య చీలిపోతే ఆ రెండు పేర్లూ గొడవపడుతున్నాయి. అందరూ ఒకే తప్పు విభాగానికి వెళ్తే పేజీనే అక్కడికి మార్చేయడం ఉత్తమం, జనాన్ని మార్చలేం గదా. ఎంతమందితో చేయాలన్నది లెక్కతో తేల్చుకోవచ్చు. 50 మందితో చేస్తే వచ్చిన శాతం అటూ ఇటూ 14 పాయింట్ల దాకా తేడా ఉండొచ్చు. 20 మందితో అయితే ఆ తేడా 22 పాయింట్లకు పెరుగుతుంది. పాత చెట్టుకూ కొత్త చెట్టుకూ 10 పాయింట్ల తేడా కనబడిందని సంబరపడే ముందు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

మౌస్ కింద, వేలి కింద

పెద్ద తెర మీద పై విభాగాలను దాచకుండా పరిచి పెట్టడమే మంచిది. తిప్పలన్నీ డ్రాప్‌డౌన్‌తో మొదలవుతాయి.

మౌస్ ఆనగానే తెరుచుకునే మెనూను దగ్గర్నుంచి చూద్దాం. ఎడమవైపు నిలువుగా విభాగాలున్నాయి. 'ఫ్రిజ్‌లు' మీద మౌస్ పెడితే కుడివైపు ఉపమెనూ తెరుచుకుంది. అందులో కిందెక్కడో ఉన్న 'విడిభాగాలు' కావాలి. చెయ్యి సహజంగా ఐమూలగా కదులుతుంది. ఆ దారిలో మౌస్ ఎడమవైపు జాబితాలో కిందున్న 'ఓవెన్లు' మీదుగా పోతుంది. వెంటనే ఫ్రిజ్‌ల ఉపమెనూ మాయమై ఓవెన్ల ఉపమెనూ వస్తుంది. కావలసిన లింకు కళ్లముందే ఉండి కూడా చేతికందలేదు. దీనికి రెండు మందులున్నాయి. మౌస్ ఉన్న చోటు నుంచి ఉపమెనూ పై మూలకూ కింది మూలకూ గీతలు గీస్తే ఏర్పడే త్రికోణంలో మౌస్ కదులుతున్నంతసేపూ ఉపమెనూను మార్చకుండా ఉంచడం ఒకటి. అమెజాన్ తన విభాగాల మెనూలో ఈ పద్ధతి వాడి దీన్ని ప్రసిద్ధం చేసింది. రెండోది మరీ సులువు: మౌస్ ఆనితే తెరవడం మానేసి క్లిక్ చేస్తేనే తెరవడం. రెండోదే మేలు. టచ్ తెరల మీద మౌస్ ఆనడం అనేదే ఉండదు గనక క్లిక్ పద్ధతి అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది.

ఆనితే తెరుచుకునేదే కావాలంటే కాస్త ఆలస్యం పెట్టాలి. సెకనులో మూడో వంతు నుంచి అర సెకను దాకా మౌస్ నిలిస్తేనే తెరుచుకోవాలి, లేదంటే తెర మీద అటూ ఇటూ పోయే ప్రతిసారీ మెనూలు ఎగిసిపడతాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ, వైకల్యాలున్నవాళ్లు కూడా సైట్లు వాడగలిగేలా వెలువరించిన సౌలభ్య ప్రమాణాలు ఇలాంటి మెనూలకు మూడు షరతులు పెట్టాయి. ఎస్కేప్ కీ నొక్కితే మౌస్ కదపకుండానే మూసుకోవాలి, తెరుచుకున్న భాగం మీదికి మౌస్ జరిపినా అది నిలవాలి, వాడుతున్నవాళ్లు వదిలేదాకా దానంతటది మాయం కాకూడదు.

ఉపమెనూ ఉన్న విభాగం పేరు నొక్కితే ఏం జరగాలన్నది ఇంకో తకరారు. ఆ పేరు తనొక పేజీకి లింకా, మెనూను తెరిచే బటనా? రెండూ అయితే ఫోనులో ఒకసారి నొక్కినప్పుడు ఏది జరుగుతుందో చెప్పలేం. పేరును లింకుగా ఉంచి, పక్కనే బాణం గుర్తుతో విడిగా బటన్ పెట్టడం ఒక పరిష్కారం. పేరును బటన్‌గానే ఉంచి, తెరుచుకున్న జాబితాలో మొదటి లింకుగా 'అన్ని ఫ్రిజ్‌లు' అని పెట్టడం ఇంకొకటి.

ఫోను దగ్గరికి వస్తే మూడు గీతల గుర్తు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన బొమ్మ అది. చిన్న తెర మీద చోటు మిగులుస్తుంది, నిజమే. కాని కంటికి కనబడనిది గుర్తుకు రాదు. సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో మెనూ దాచేసిన సైట్లలో సమాచారం కనుక్కోగలగడం దాదాపు సగానికి పడిపోయింది. పెద్ద తెర మీద కూడా మెనూను ఆ గుర్తు వెనక దాచడానికి ఏ సాకూ లేదు. ఫోనులో కూడా ఎక్కువగా వాడే మూడు నాలుగు లింకుల్ని బయటే ఉంచి, మిగతావి మాత్రమే లోపల పెట్టొచ్చు. గుర్తు పక్కన 'మెనూ' అనే మాట రాస్తే పోయేది కొద్ది పిక్సెళ్లే.

వేలికి తగిన కొలతలు స్థిరపడి ఉన్నాయి. డబ్ల్యూ3సీ 2023లో తెచ్చిన 2.2 ప్రమాణాల ప్రకారం నొక్కే భాగం కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలి, అత్యున్నత స్థాయిలో 44. ఆపిల్ చెప్పేది 44 పాయింట్లు, గూగుల్ డిజైన్ మార్గదర్శకాలైన మెటీరియల్ చెప్పేది 48 డీపీ. ఇరవై నాలుగు కనీసమే. మెనూ లాంటి చోట 44కు తగ్గించకండి. అక్షరాలే కాకుండా ఆ వరుస మొత్తం నొక్కడానికి పనికిరావాలి. చుట్టూ పెట్టే ఖాళీని లింకు లోపలికి చేర్చకుండా బయట పెట్టడం వల్ల, పెద్దగా కనబడే వరుసలో మధ్యన సన్నటి పట్టీ మాత్రమే పనిచేసే మెనూలు చాలా ఉన్నాయి.

ఫోను మెనూ తెర మొత్తం కప్పేసినప్పుడు ఇంకో ఇబ్బంది తలెత్తుతుంది. మూయడానికి జనం వెనక్కి వెళ్లే బటన్ నొక్కుతారు. బ్రౌజర్‌కు మెనూ తెరిచిన సంగతి తెలియదు గనక పేజీనే వదిలి వెనక్కి పోతుంది. మెనూ తెరిచినప్పుడు బ్రౌజర్ చరిత్రలో ఒక అడుగు జతచేస్తే వెనక్కి నొక్కినప్పుడు మెనూ మాత్రమే మూసుకుంటుంది.

తెలుగు మెనూలకు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఎత్తు. గుడులు పైకీ ఒత్తులు కిందికీ సాగుతాయి. లాటిన్ అక్షరాల కొలతతో బటన్ ఎత్తు బిగించి, మించినది కత్తిరించమని రాసిన శైలిలో 'ఉత్పత్తులు' అనే మాట కింది సగం పోగొట్టుకుంటుంది. ఎత్తును బిగించకుండా కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, వరుసల ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్ల దాకా పెంచితే చాలావరకు సరిపోతుంది. భాష మార్చే బటన్ మీద ఏ భాష పేరు ఆ లిపిలోనే రాయాలి. జెండాలు దేశాలకు గుర్తులు, భాషలకు పనికిరావు. భాష మార్చినప్పుడు అదే పేజీ ఆ భాషలో రావాలి, హోమ్ పేజీకి విసిరేయకూడదు.

ఎక్కడున్నామో చెప్పే గుర్తులు

ప్రస్తుత విభాగాన్ని మెనూలో గుర్తుపెట్టడం చిన్న పని, మర్చిపోయేవాళ్లు మాత్రం ఎక్కువ. రంగు ఒక్కటే మారిస్తే రంగుల తేడా కనబడనివాళ్లకు అది లేనట్టే. కింద గీత గానీ మందపు అక్షరాలు గానీ తోడివ్వాలి. మెనూ అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి 4.5కు 1 కన్నా తగ్గకూడదు. పెద్ద ఫొటో మీద తెల్లటి మెనూ పెట్టినప్పుడు, ఫొటో మారిన రోజున ఇది తప్పుతుంది.

బ్రెడ్‌క్రంబ్ అంటే శీర్షిక పైన కనబడే 'హోమ్ › ఫ్రిజ్‌లు › విడిభాగాలు' వరుస. నేరుగా లోపలి పేజీలో దిగినవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ సాయపడేది ఇదే. ఇది సైటు అమరికను చూపించాలి, వచ్చినవాళ్లు తిరిగిన దారిని కాదు. తిరిగిన దారి కోసం బ్రౌజర్‌లోనే బటన్ ఉంది. వరుసలో చివరిది ఇప్పుడున్న పేజీ, కాబట్టి దాన్ని లింకు చేయకూడదు. ఫోనులో అది రెండు మూడు వరుసలకు పాకితే ఒక్క పై అంచెనే చూపించడం నయం.

స్క్రోల్ చేసినా పైనే అంటిపెట్టుకునే హెడర్, అంటే లోగో, మెనూ ఉండే పైపట్టీ, పొడుగాటి పేజీల్లో ఉపయోగమే, కాని పేజీలోని ఒక శీర్షికకు లింకు నొక్కినప్పుడు ఆ శీర్షిక హెడర్ కిందికి దూరి కనబడకుండా పోతుంది. పేజీ స్క్రోల్‌కు పైన హెడర్ ఎత్తంత ఖాళీ వదిలే లక్షణం పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలో ఉంది, ఒక్క పంక్తితో తీరుతుంది. ట్యాబ్ కీతో తిరిగేవాళ్లకు ఫోకస్‌లో ఉన్న లింకు, అంటే కీబోర్డ్ ప్రస్తుతం నిలిచిన లింకు, హెడర్ వెనక దాగే చిక్కుకూ ఇదే పరిష్కారం.

తెర చూడనివాళ్లకు, మౌస్ పట్టనివాళ్లకు

తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు ప్రతి పేజీలోనూ మొత్తం మెనూ మళ్లీ మళ్లీ వినబడకూడదు. అందుకే మొదటి ట్యాబ్ నొక్కగానే 'నేరుగా విషయానికి' అనే లింకు రావాలి. మెనూను పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో నావిగేషన్ కోసమే ఉన్న 'నావ్' మూలకంలో పెట్టి, లోపల జాబితాగా రాయాలి. అప్పుడు 'జాబితా, 5 అంశాలు' అని వినబడి ఎంత ఉందో ముందే తెలుస్తుంది. పేజీలో ఇలాంటివి రెండు మూడుంటే ఒక్కోదానికి వేరే పేరివ్వాలి. తెరిచే బటన్ నిజంగా బటన్ మూలకమే అయి, తెరిచి ఉందో మూసి ఉందో చెప్పాలి.

మంచి ఉద్దేశంతో చేసే ఒక పొరపాటు ఇక్కడ ఉంది. మెనూ అనే పేరు చూసి, సైటు మెనూకు ఏరియా (ARIA) ప్రమాణంలోని 'మెనూ' పాత్ర తగిలిస్తారు. పేజీలో ఏ భాగం ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ప్రమాణం అది. ఆ పాత్ర కంప్యూటర్ అప్లికేషన్లలోని ఆజ్ఞల మెనూల కోసం ఉద్దేశించింది. అది ఉందంటే బాణం కీలతో కదలొచ్చని వినేవాళ్లు ఆశిస్తారు. మామూలు లింకుల జాబితాలో అవి పనిచేయవు, ఉన్నట్టుండి అంతా స్తంభించినట్టు తోస్తుంది. ఏమీ తగిలించకపోతేనే బాగా పనిచేస్తుంది.

ఇంకా ఎక్కువగా కనబడే లోపం, మూసిన మెనూను తెర అవతలికి జరిపి మాత్రమే దాచడం. కంటికి కనబడదు గాని ట్యాబ్ కీ అందులోకి వెళ్తూనే ఉంటుంది. కీబోర్డ్ వాడేవాళ్లకు ఫోకస్ ముప్పై నొక్కుల పాటు ఎక్కడుందో తెలియదు. దాచినప్పుడు పూర్తిగా దాచాలి. మీ సైటులో ఇది ఉందో లేదో నిమిషంలో తేలుతుంది: మౌస్ పక్కన పెట్టి, పేజీ మొదటి నుంచి ట్యాబ్ మాత్రమే నొక్కుతూ పోండి. ఫోకస్ చూపించే గీత ఎక్కడ మాయమైతే లోపం అక్కడే ఉంది.

సెర్చ్ గురించి, మార్పుల గురించి

సెర్చ్ పెట్టె ఉంది గదా, మెనూ ఎలా ఉంటేనేం అనే వాదన నిలవదు. సెర్చ్ చేయాలంటే ఆ వస్తువు పేరు తెలిసి ఉండాలి. పేరు తెలియనివాళ్లకు మెనూయే దాన్ని చెబుతుంది. అయితే సెర్చ్‌లో జనం కొట్టిన మాటల చిట్టా మెనూ పేర్లకు దొరికే అతి చవకైన ముడిసరుకు. నెలకోసారి మూడు జాబితాలు తీయండి: ఎక్కువగా వెతికిన మాటలు, ఫలితం రాని మాటలు, ఏ పేజీలో ఉండగా వెతికారు. మెనూలో 'విడిభాగాలు' అని ఉండగా అందరూ 'స్పేర్ పార్ట్స్' అని కొడుతుంటే ఏ మాట నిలవాలో తేలిపోయినట్టే. ఒక పేజీ నుంచి సెర్చ్‌లు ఎక్కువగా పుడుతున్నాయంటే, ఆ పేజీకి వచ్చినవాళ్లు ఆశించింది అక్కడ లేదు.

వాడకాన్ని బట్టి మెనూ క్రమం దానంతటది మారేలా చేయొద్దు. రోజూ వచ్చేవాళ్లు చదివి నొక్కరు, చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతారు. అన్ని పేజీల్లోనూ మెనూ ఒకే క్రమంలో ఉండాలని డబ్ల్యూ3సీ ప్రమాణం కోరేదీ ఇందుకే.

నిజంగా మార్చాల్సి వచ్చినప్పుడు, కొత్త మెనూ బయటికి రావడానికి ముందే పాత చిరునామాలన్నిటికీ కొత్త చిరునామాలు పక్కపక్కన రాసిన పట్టిక సిద్ధం కావాలి. ఒక్కో పాత పేజీ నుంచి దానికి సరిజోడైన కొత్త పేజీకి శాశ్వత దారిమళ్లింపు, అంటే 301, పెట్టాలి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే లింకు పట్టుకుని వచ్చినవాళ్లకు అది తెగిన లింకుతో సమానం. ఒకసారి మళ్లించిన చిరునామాను మళ్లీ మళ్లించి గొలుసు కట్టకుండా, పాతవన్నీ నేరుగా చివరి చిరునామాకు చూపేలా పట్టికను తిరగరాయాలి. ఈ దారిమళ్లింపులు కనీసం ఏడాది ఉండాలి, ఎప్పటికీ ఉంటే మరీ మంచిది. మొదటి నెలంతా రోజూ 404 చిట్టా, అంటే పేజీ దొరకలేదని చెప్పిన చిరునామాల జాబితా, తెరిచి చూస్తే, పట్టికలోకి ఎక్కని పాత చిరునామాలేవో, వాటిని జనం ఎక్కణ్నుంచి పట్టుకొస్తున్నారో ఒక్కొక్కటిగా తెలుస్తుంది. వాటినీ పట్టికలో చేర్చాలి.